భువనగిరి గాలికి లెక్క కట్టుట: కణ కాలుష్యమును అంచనా వేయు కంప్యూటరు నమూనాలు

వాయు కాలుష్యమును గూర్చి మన పాఠ్యపుస్తకములలో ఒక అధ్యాయము తప్పక ఉండును. పొగ, దుమ్ము, వాని వలన కలుగు వ్యాధులు, చెట్లు నాటవలసిన ఆవశ్యకత చెప్పి ఆ అధ్యాయము ముగియును. కాని ఒక పట్టణపు గాలిలో నేడు ఎంత దుమ్మున్నది, అందులో ఎవరి పాలు ఎంత, ఒకరి పాలు తగ్గించినచో రేపు ఎంత మేలు జరుగును అను మూడు ప్రశ్నలకు అందులో సమాధానము దొరకదు. మొదటి ప్రశ్నకు కొలత యంత్రము సమాధానము చెప్పగలదు. మిగిలిన రెండింటికి యంత్రము చాలదు. గణితము, వాతావరణ శాస్త్రము, రసాయన శాస్త్రము మూడింటిని కలిపి కంప్యూటరుపై నిర్మించిన 'నమూనా' కావలెను. ఆ నమూనా పని చేయు తీరును, మన జిల్లాల విషయమున దాని వినియోగమును, అది మనలను పొరపాటు త్రోవ పట్టించు సందర్భములను ఈ వ్యాసమున వివరించెదను.

'నమూనా' అను మాట ఫారసీ నుండి ఉర్దూలోనికి, ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చినది. కావున ఈ సంచికలోని ఉభయ భాషా విభాగముల పాఠకులకును అది సొంత మాటయే. ఉర్దూలో దుమ్మును 'గర్ద్' అనియు, పొగను 'ధువాఁ' అనియు వేరు వేరుగా చెప్పుదురు. తెలుగున కూడ అంతే. గాలిని కొలుచు శాస్త్రజ్ఞుడు మాత్రము ఆ రెండింటిని కలిపి 'కణములు' అని పిలిచి, వానిని పరిమాణమును బట్టి విభజించును. ఈ విభజన వెనుక ఉన్న కారణమును ముందు చెప్పవలసి యున్నది. దానికి ముందు, ఈ విషయము మనకేల అను ప్రశ్నకు ఒక మాట.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించెను. జాతీయ ప్రమాణములను అందుకొనలేకపోయిన 102 నగరముల జాబితాను అందు చేర్చెను. ఆ జాబితాలో తెలంగాణ నుండి హైదరాబాదు, పటాన్‌చెరువులతో పాటు నల్లగొండ పేరు కూడ కలదు. నల్లగొండ అనగానే ఎవరికైనను ఫ్లోరైడు నీరు జ్ఞప్తికి వచ్చునే గాని గాలి జ్ఞప్తికి రాదు. భువనగిరి 2016 అక్టోబరు వరకు ఆ జిల్లాలోనిదే. నేడు యాదాద్రి భువనగిరి జిల్లా కేంద్రమైనను, గాలికి జిల్లా సరిహద్దులు తెలియవు. ఆ కార్యక్రమము 2017 నాటి స్థాయితో పోల్చి 2024 నాటికి కణ కాలుష్యమును 20 నుండి 30 శాతము తగ్గించవలెనని తొలుత లక్ష్యము పెట్టుకొనెను. తరువాత ఆ లక్ష్యమును 2025-26 నాటికి 40 శాతముగా పెంచిరి. అయితే దేనిలో నుండి తగ్గించవలెను? లారీలనా, ఇటుక బట్టీలనా, రోడ్డు దుమ్మునా, పొయ్యి పొగనా? పాళ్లు తెలియనిదే కోత సాధ్యము కాదు.

కణముల పరిమాణము

మీటరులో పది లక్షవ వంతు ఒక మైక్రాను. మన తల వెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. పది మైక్రానులకు లోబడిన కణములను 'పి.ఎం. 10' అనియు, రెండున్నర మైక్రానులకు లోబడిన వానిని 'పి.ఎం. 2.5' అనియు వ్యవహరింతురు. మొదటి రకములోని పెద్ద కణములు చాల వరకు ముక్కు, గొంతు, పెద్ద శ్వాసనాళములలో ఆగిపోవును. రెండవ రకము ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాక పోవును. ఆరుబయలు గాలి, ఇంటిలోని పొగ కలిసి ప్రపంచమున ఏటా సుమారు 70 లక్షల అకాల మరణములకు కారణమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన దేశమున 2009లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఘనమీటరు గాలిలో పి.ఎం. 10 వార్షిక సగటు 60 మైక్రోగ్రాములకు, పి.ఎం. 2.5 వార్షిక సగటు 40 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పి.ఎం. 2.5కు సూచించిన విలువ 5 మాత్రమే. ఈ రెండు సంఖ్యల నడుమ ఎనిమిది రెట్ల అంతరమున్నది. మనము 'ప్రమాణములకు లోబడి ఉన్నది' అని సంతోషించునపుడు ఏ ప్రమాణమో అడుగుట మంచిది.

పరిమాణము మరియొక విషయమును కూడ నిర్ణయించును. నీటి సాంద్రత గల పది మైక్రానుల కణము నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 11 మీటర్లు క్రిందికి దిగును. రెండున్నర మైక్రానుల కణము గంటకు ఒక మీటరైనను దిగదు. రాతి పొడి సాంద్రత నీటికి రెండున్నర రెట్లు గనుక మరికొంత త్వరగా దిగును. కావుననే కంకర మిల్లు నుండి లేచిన ముతక దుమ్ము చుట్టుప్రక్కల చేలపై, ఇండ్లపై పేరుకొనును. బొగ్గు పొగలోని సూక్ష్మ కణము మాత్రము దినముల తరబడి గాలిలోనే ఉండి వందల కిలోమీటర్లు పోవును. మొదటిది ఊరి సమస్య. రెండవది ప్రాంతపు సమస్య.

పెట్టె లెక్క

నమూనాలలో అతి సరళమైనది పెట్టె నమూనా. దీనికి కంప్యూటరు కూడ అక్కరలేదు, కాగితము చాలును. పట్టణముపై ఒక పెద్ద పెట్టెను బోర్లించినట్లు ఊహింపుడు. ఆ పెట్టె మూత ఎత్తు 'మిశ్రమ పొర' ఎత్తు, అనగా భూమి మీది గాలి పైకి క్రిందికి బాగుగా కలియు హద్దు. ఒక ప్రక్క నుండి గాలి వచ్చి మరియొక ప్రక్కకు పోవును. లోపల పొగ, దుమ్ము పుట్టును. కొంతసేపటికి స్థితి నిలకడ పొందినపుడు:

గాఢత = ఉద్గారము ÷ (పెట్టె వెడల్పు × మిశ్రమ పొర ఎత్తు × గాలి వేగము)

భువనగిరిని నాలుగు కిలోమీటర్ల వెడల్పు గల పెట్టె అనుకొందము. పట్టణములో రోజుకు 864 కిలోల సూక్ష్మ కణములు పుట్టునని అనుకొందము. ఇది కొలిచిన సంఖ్య కాదు, లెక్క సులువగుటకు ఎన్నుకొన్నది. రోజుకు 86,400 క్షణములు గనుక క్షణమునకు సరిగా 10 గ్రాములు, అనగా కోటి మైక్రోగ్రాములు వచ్చును.

ఎండకాలపు మధ్యాహ్నము మిశ్రమ పొర ఎత్తు 1500 మీటర్లు, గాలి వేగము క్షణమునకు 3 మీటర్లు అనుకొన్నచో, పెట్టె గుండా క్షణమునకు 1 కోటి 80 లక్షల ఘనమీటర్ల గాలి సాగును. గాఢత ఘనమీటరునకు సుమారు 0.56 మైక్రోగ్రాము. ఇక డిసెంబరు మాసపు వేకువజాము తీసుకొందము. నేల చల్లబడి, చల్లని గాలి అడుగున, వెచ్చని గాలి పైన నిలుచును. దీనినే ఉష్ణోగ్రతా విలోమము అందురు. అప్పుడు పెట్టె మూత 150 మీటర్లకు దిగును. గాలి వేగము క్షణమునకు ఒక మీటరు. గాఢత 16.7 మైక్రోగ్రాములు! పొగ ఒక్క గ్రాము పెరుగలేదు, గాలి ముప్పది రెట్లు చెడినది. చలికాలపు ఉదయమున చెత్త తగులబెట్టుటకును, మే నెల మధ్యాహ్నమున తగులబెట్టుటకును గల భేదము ఇంతటిది.

భోపాలు దుర్ఘటనలో ఇట్టి రాత్రియే ప్రాణాంతకమైనది. 1984 డిసెంబరు 2-3 తేదీల నడిరేయిని మిథైల్ ఐసోసయనేటు వాయువు వెలువడినపుడు గాలి మందముగ వీచుచు, నేల దగ్గరి పొర నిశ్చలముగ నుండెను. ఢిల్లీ ఐ.ఐ.టి.కి చెందిన ఎం.పి. సింగ్, మైథిలీ శరణ్ మొదలైనవారు తరువాతి సంవత్సరములలో ఆ రాత్రి వాయువు ప్రాకిన తీరును గణిత నమూనాలతో పునర్నిర్మించిరి. మన దేశమున వాయు వ్యాపన నమూనాల చరిత్రలో అది మరువరాని ఘట్టము.

పై లెక్కలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. మధ్యాహ్నపు లెక్కలో భువనగిరి తన స్వంత పొగతో తన గాలికి కలిపినది అర మైక్రోగ్రాము మాత్రమే. ఆ సమయమున యంత్రము ముప్పదియో నలుబదియో చూపినచో, ఆ మిగిలినదంతయు ఎక్కడిది? ప్రక్క నుండి పెట్టెలోనికి వచ్చినది. మన పెట్టెకు ప్రక్క పెట్టె, దానికి ప్రక్కన మరియొకటి చేర్చి లెక్కింపక తప్పదు. ఇక్కడ నుండియే ప్రాంతీయ నమూనా మొదలగును.

పొగగొట్టము నుండి గడుల దాక

పెట్టెకును ప్రాంతీయ నమూనాకును నడుమ ఒక మెట్టు కలదు. అది ఒకే పొగగొట్టము నుండి వెలువడు ధూమపు లెక్క. గొట్టము నుండి పొగ గాలివాటున సాగుచు, ప్రక్కలకు, పైకి, క్రిందికి గంట ఆకారపు వక్రరేఖ వలె విస్తరించునని భావించి గణింతురు. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు పాస్క్విల్ 1961లో వాతావరణ నిశ్చలత్వమును ఆరు తరగతులుగా విభజించి, ఎండ, మబ్బు, గాలి వేగము చూచినంతనే తరగతి నిర్ణయించు పట్టికను ప్రచురించెను. ఇది ఎంత సులభమనగా, ఆకాశము చూడగల విద్యార్థి ఎవడైనను వాడుకొనవచ్చును. నేడు పరిశ్రమల అనుమతుల కొరకు చేయు అధ్యయనములలో విరివిగ వాడు ఎయిర్‌మాడ్ అను నమూనా ఈ వంశములోనిదే. అమెరికా పర్యావరణ సంస్థ 2005లో దానిని అధికారికముగా స్వీకరించెను.

ఈ పద్ధతి యాబది కిలోమీటర్ల లోపు పనికి వచ్చును. అంతకు మించిన దూరములకు, పలు ఉద్గారములకు, రసాయన మార్పులకు గడుల నమూనా కావలెను. నేలను చదరంగపు బల్ల వలె గడులుగ విభజించి, ప్రతి గడిపై పొరలు పేర్చి, ప్రతి పెట్టెలోనికి వచ్చినది, పోయినది, పుట్టినది, రాలినది, రసాయనికముగ మారినది క్షణక్షణము లెక్కింతురు. హైదరాబాదును, మన జిల్లాను కలుపుకొని 150 కిలోమీటర్ల చతురస్రమును మూడు కిలోమీటర్ల గడులుగా చేసినచో 2500 గడులు, ముప్పది పొరలతో 75,000 పెట్టెలు. 18 క్షణములకు ఒక అడుగు చొప్పున దినమునకు 4,800 అడుగులు. వెరసి ఒక్క దినపు గాలికి 36 కోట్ల పెట్టె లెక్కలు. ప్రతి పెట్టెలో పదుల కొలది రసాయన ద్రవ్యములు వేరుగా ఉండనే ఉన్నవి.

ఈ ఊహ కంప్యూటరు కంటె పాతది. ఎల్.ఎఫ్. రిచర్డ్‌సన్ 1922లో ప్రచురించిన గ్రంథములో, ఒక మహాశాలలో 64,000 మంది మనుష్యులు కూర్చుండి ప్రపంచ వాతావరణమును లెక్కించునట్లు ఊహించెను. తాను స్వయముగ చేతితో చేసిన లెక్క మాత్రము ఘోరముగ తప్పినది. ఆరు గంటలలో వాయు పీడనము 145 మిల్లీబార్లు పెరుగునని ఆ లెక్క చూపినది. ప్రకృతిలో అట్టిది ఎన్నడును జరుగదు! తప్పు సమీకరణములలో లేదు, మొదట ఇచ్చిన విలువలలో నున్నది. నమూనాలను గూర్చి ఇంతకంటె మంచి పాఠము నాకు తోచుట లేదు.

నేడు వాతావరణమును, రసాయన చర్యలను కలిపి లెక్కించు డబ్ల్యూ.ఆర్.ఎఫ్.-కెమ్ వంటి నమూనాలు ఉచితముగ లభించుచున్నవి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల సందర్భమున 'సఫర్' అను గాలి నాణ్యతా సూచన వ్యవస్థను నెలకొల్పెను. దాని స్థాపక సంచాలకుడు డాక్టర్ గుఫ్రాన్ బేగ్. ఉర్దూలో సఫర్ అనగా ప్రయాణము. ఆంగ్ల పదముల తొలి అక్షరములతో కూర్చిన పేరైనను గాలి విషయమున చక్కగ అమరినది. తరువాత పుణె, ముంబయి, అహమదాబాదు నగరములకు ఆ వ్యవస్థ విస్తరించినది.

హైదరాబాదు పద్దు

మన ప్రాంతమున జరిగిన పనిలో హైదరాబాదును గూర్చినది ముఖ్యమైనది. సుప్రీంకోర్టు ఆదేశముల అనంతరము 2005లో అక్కడ ఒక అధ్యయనము మొదలయ్యెను. మూడు కేంద్రములలో మూడు ఋతువులలో వడపోత కాగితములపై 180 సేకరణలు జరిపి, పట్టిన కణముల రసాయన సమ్మేళనమును బట్టి అవి ఏ మూలము నుండి వచ్చినవో తేల్చిరి. ఇది వెనుక నుండి ముందునకు చదువు పద్ధతి. వంట రుచి చూచి దినుసులు చెప్పుట వంటిది. పి.ఎం. 10లో అరువది శాతమునకు మించి వాహనముల పొగ, రోడ్డు దుమ్ము అని తేలినది. పి.ఎం. 2.5లో మాత్రము వాహనములు, పరిశ్రమల బొగ్గు, చెత్త తగులబెట్టుట, గాలిలోనే పుట్టు ద్వితీయ కణములు అన్నియు కలసి యున్నవి. 2010లో ఆ నగరపు పి.ఎం. 10 సగటులు వాణిజ్య ప్రాంతమున 82, పారిశ్రామిక ప్రాంతమున 96, నివాస ప్రాంతమున 64 మైక్రోగ్రాములు. ప్రమాణము 60 అని ముందే చెప్పితిని. ఈ ఫలితములను ఆధారము చేసికొని అప్పటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కార్యప్రణాళిక తయారు చేసెను.

ఈ ఫలితములను శరత్ గుత్తికొండ, ఆయన సహరచయితలు 2013లో ప్రచురించిరి. మరుసటి సంవత్సరము ఆయన రెండవ పద్ధతిలో, అనగా ముందు నుండి వెనుకకు, అదే నగరమునకు లెక్క కట్టెను. 2010-11 సంవత్సరమునకు నగరములోని వాహనములు, పరిశ్రమలు, ఇండ్ల పొయ్యిలు, జనరేటర్లు, నిర్మాణములు, చెత్త మంటలు అన్నిటి ఉద్గారములను అంచనా కట్టి, 0.01 డిగ్రీ గడులలో, అనగా సుమారు కిలోమీటరు గడులలో, పంచి, గాలితో నడిపించి, ప్రజారోగ్యముపై ప్రభావము దాక లెక్కించెను. ఇట్టి పట్టికను ఉద్గారముల పద్దు అనవచ్చును. దుకాణపు చిఠ్ఠా వంటిదే. వ్రాయక వదలిన అప్పు చిఠ్ఠాలో కనబడదు, కాని బాకీ పోదు.

పద్దు వ్రాయుట ఎంత నీరసమైన పనియో చేసినవారికే తెలియును. సమీకరణములు ఒకమారు వ్రాసిన చాలును. ఒక రోడ్డుపై గంటకు ఎన్ని లారీలు పోవును, ఆ రోడ్డుపై చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల సన్నని మట్టి యున్నది, ఒక బట్టీ సంవత్సరమునకు ఎన్ని నెలలు మండును అనునవి మాత్రము ఊరూర అడిగి తెలిసికొనవలెను. అడుగనిచోట నమూనాకారులు జనాభాను బట్టియో, మరియొక రాష్ట్రపు సగటును బట్టియో ఒక సంఖ్య వేసికొందురు. నమూనా చిత్రపటములో రంగులు మాత్రము రెండుచోట్లను ఒకే విధముగ మెరయును. చూచువానికి ఏది కొలిచినది, ఏది ఊహించినది తెలియదు.

నమూనా సత్యమును పరీక్షించుటకు 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ అనుకోని అవకాశము కల్పించినది. రోడ్లపై వాహనములు దాదాపు ఆగినవి. నమూనాలో కూడ వాహనముల పద్దును తగ్గించి, కొలతతో పోల్చి చూచుటకు దేశమున పలుచోట్ల పరిశోధకులు పూనుకొనిరి. గాలి మెరుగైనది గాని కణములు సున్నాకు దిగలేదు. పొయ్యిలు, విద్యుత్కేంద్రములు, దూరము నుండి వచ్చు పొగ మిగిలియే యున్నవి.

ఏ బొగ్గు?

ఉద్గారముల పద్దులో ఒక్క వరుస మారినచో ఏమగునో తెలుపు ఉదాహరణ మన పాత నల్లగొండ జిల్లాలోనే కలదు. దామరచర్ల మండలము వీర్లపాలెము వద్ద 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో 4,000 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. పేరు యాదాద్రి, ఊరు దామరచర్ల. యాదగిరిగుట్ట దగ్గర ఉన్నదని భ్రమపడువారు నేటికిని కలరు. భువనగిరికి అది ఆగ్నేయముగ నూటపదునైదు కిలోమీటర్ల దూరమున, కృష్ణా నదీ తీర ప్రాంతమున నున్నది. 2017లో పర్యావరణ అనుమతి లభించినది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణ ధర్మాసనము ఆ అనుమతిని నిలిపి, అదనపు అధ్యయనములు జరుపుమని ఆదేశించెను. వివాదములో ప్రధానమైన ప్రశ్న బొగ్గును గూర్చినది. విదేశీ బొగ్గు ఎంత, స్వదేశీ బొగ్గు ఎంత వాడుదురు? అధ్యయనమునందు లెక్కకు తీసికొన్న బొగ్గు, వాస్తవముగ మండబోవు బొగ్గు ఒకటేనా? తరువాత పనులు సాగి, 2024 డిసెంబరు నుండి యూనిట్లను ఒక్కొక్కటిగ ప్రారంభించుచున్నారు.

బొగ్గు పేరు మారిన నమూనాకేమి నష్టమని విద్యార్థులు అడుగవచ్చును. వేయి టన్నుల బొగ్గు మండించినామనుకొందము. మన దేశపు బొగ్గులో బూడిద సాధారణముగ 30 నుండి 45 శాతము వరకు ఉండును. 35 శాతము తీసికొన్నచో 350 టన్నుల బూడిద. అందు ఎనుబది శాతము పొగతో లేచినచో 280 టన్నులు. విద్యుత్ స్థిర జల్లెడలు నూటికి 99.9 వంతులు పట్టినచో గొట్టము నుండి వెలువడునది 280 కిలోలు. 12 శాతము బూడిద గల బొగ్గైనచో అదే లెక్కన 96 కిలోలు. జల్లెడ 99 శాతమునకు దిగజారినచో మొదటి బొగ్గు నుండి 2,800 కిలోలు! అనగా బొగ్గు భేదము మూడింతలు చూపగా, యంత్రపు నిర్వహణ పదింతలు చూపుచున్నది. అధ్యయన నివేదికలలో బొగ్గును గూర్చి పుటలకు పుటలు వ్రాసి, జల్లెడ సామర్థ్యమును ఒక్క పంక్తిలో స్థిరాంకముగ వేయుట నాకు సరిగా తోచదు.

గంధకము కథ వేరు. బొగ్గులో గంధకము అర శాతమే యనుకొన్నను వేయి టన్నులకు 5 టన్నుల గంధకము, దాని నుండి 10 టన్నుల సల్ఫర్ డయాక్సైడు వెలువడును. బూడిదను పట్టు జల్లెడలకు ఈ వాయువు చిక్కదు. ఇది గాలిలో గంటగంటకు కొద్ది కొద్దిగ సల్ఫేటు కణములుగ మారును. ఆ కణములు పి.ఎం. 2.5 లోనివి. పొగగొట్టము దగ్గర కొలిచినచో ఇవి కనబడవు, ఏలయన అక్కడ ఇంకను పుట్టలేదు. 500 మెగావాట్లకు తక్కువ గాని యూనిట్లకు 275 మీటర్ల గొట్టము ఉండవలెనను పాత నియమము దగ్గరి ఊళ్లను కొంత కాపాడినది గాని, ఆ వాయువు దూరపు ఊళ్లలో కణములై దిగుటకు త్రోవ చూపినది. పైన గాలి క్షణమునకు 5 మీటర్ల వేగముతో ఆగ్నేయము నుండి వీచు దినమున ఆరున్నర గంటలలో ఆ ధూమము భువనగిరి మీదికి రాగలదు. ఎంత గాఢతతో వచ్చును, ఎంత సల్ఫేటుగ మారి వచ్చును అను ప్రశ్నలకు సమాధానము యాబది కిలోమీటర్ల ధూమపు నమూనా చెప్పజాలదు, గడుల నమూనాయే చెప్పవలెను. గంధక వాయువును కడుగు యంత్రములు అమర్చవలెనని కేంద్రము 2015 డిసెంబరులో నిబంధన చేసెను. గడువులు పలుమార్లు పొడిగించి, 2025 జూలైలో దేశములోని అధిక భాగము విద్యుత్కేంద్రములకు సడలింపు ఇచ్చెను. ద్వితీయ కణముల లెక్కలపై నమ్మకము గలవారికి ఈ సడలింపు సమ్మతము కాదు. నేనును వారిలో ఒకడను.

మన మెట్ట నేల

భువనగిరి హైదరాబాదునకు ఈశాన్యముగ సుమారు యాబది కిలోమీటర్ల దూరమున నున్నది. నైఋతి ఋతుపవన కాలమున పడమటి గాలులు వీచునపుడు మహానగరము మనకు గాలి మొదట నుండును. అదృష్టవశాత్తు వానలు ఆ కణములను కడుగును. చలికాలమున ఈశాన్యపు, తూర్పు గాలులు వీచునపుడు మన పొలముల, బట్టీల, రాతి మిల్లుల గాలి నగరమునకు పోవును. ఢిల్లీ వలె చుట్టుప్రక్కల జిల్లాలపై నింద మోపుట హైదరాబాదునకు ఇంకను అలవాటు కాలేదు. ఇరువైపుల లెక్క తేల్చగలది ప్రాంతీయ నమూనాయే.

ఈ ప్రాంతమునకు నమూనా నడుపునపుడు మూడు చిక్కులు గలవు. మొదటిది కొండ. త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన మన కోట ఏకశిల. చుట్టు నేలపై సుమారు అయిదువందల అడుగులు లేచిన ఈ నల్లని బండ మూడు కిలోమీటర్ల గడిలో సగటున కరగిపోవును. నమూనా దృష్టిలో భువనగిరి చదును నేల! కాని పగలు కాగి, రాత్రి వెచ్చదనము విడుచు బండ, దాని చాటున మందగించు గాలి పట్టణవాసులకు అనుభవములో నున్నవే. రెండవది వరి కోతలు. యంత్రములతో కోసిన పొలములలో మిగిలిన కొయ్యలను కాల్చుట రెండు పంటలకును వ్యాపించినది. ఉపగ్రహములు మంటలను పట్టునవే గాని, ఉపగ్రహము మీదికి వచ్చు వేళకు ఆరిపోయిన చిన్న మంట పద్దుకెక్కదు. దూరపు మంటలను గూర్చి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థకు చెందిన కె.వి.ఎస్. బదరీనాథ్ మొదలగువారు లైడారుతో, ఉపగ్రహములతో చేసిన పరిశోధనలు 2009 ప్రాంతమున వెలువడినవి. దగ్గరి మంటల లెక్క ఇంకను పలుచగ నున్నది. మూడవది కొలత. నమూనాను సరిచూచుటకు భూమిపై యంత్రములు కావలెను. హైదరాబాదులో పలు కేంద్రములు కలవు. వాతావరణ శాఖ అక్కడ నుండి ఎగురవేయు బెలూనుల వలన మిశ్రమ పొర ఎత్తు కూడ తెలియును. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో దూరసంవేదన సంస్థ ప్రాంగణమున వాయు పరిశీలనలు జరుగుచున్నవి. వీని మధ్యనున్న చిన్న పట్టణములు నమూనాకు చీకటి గదులే.

భౌతిక, రసాయన శాస్త్ర విద్యార్థులు ఈ చీకటిని కొంత తొలగింపగలరు. రోడ్డు దుమ్మును తీసికొందము. నమూనాలలో దీనికి వాడు సూత్రమునకు కావలసినవి రెండే: రోడ్డుపై చదరపు మీటరుకు 75 మైక్రానుల జల్లెడ నుండి దిగు సన్నని మట్టి బరువు, ఆ రోడ్డుపై పోవు వాహనముల సగటు బరువు. వరంగల్ రహదారిపై ఒక చోట, కోట క్రింది వీధిలో ఒక చోట, కంకర లారీలు పోవు దారిలో ఒక చోట, చదరపు మీటరు మేర సుద్దముక్కతో గీసి, మెత్తని కుంచెతో మట్టి సేకరించి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, రసాయనశాల త్రాసులో తూచవచ్చును. వాహనములు నడచు వేళ గాక, పోలీసువారి అనుమతితో తెల్లవారుజామున చేయవలెను. వాన కురిసిన పిదప కనీసము వారము రోజులు ఆగవలెను. అదే దినమున ఉదయము ఆరు నుండి రాత్రి పది వరకు ద్విచక్ర వాహనములు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు వేరు వేరుగ గంట గంటకు లెక్కించి వ్రాయవలెను. నిండు లారీని, ఖాళీ లారీని ఒకే గీతలో వేయరాదు. ఈ పట్టికను వేసవిలో ఒకమారు, కార్తీకములో ఒకమారు తయారు చేసినచో, భువనగిరి గడిలో ఊహించిన సంఖ్య స్థానమున కొలిచిన సంఖ్య వేయుటకు వీలగును. తూచిన కాగితముపై తేదీ, వేళ, గాలి దిక్కు వ్రాయుట మరువరాదు. గాలి దిక్కు తెలియుటకు కోట మీది జెండా చాలును.